విశాఖలో వంశవృక్షం వెతికేవారికి ఏ సేవ ఎంత పనికొస్తుంది: ఒక సమీక్ష

ఇంటిపేరు కొట్టగానే ముత్తాత దొరుకుతాడన్న ఆశతో విదేశీ వంశచరిత్ర సైట్లకు డబ్బు కట్టేముందు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆ సైట్లకు ప్రాణం చర్చి రిజిస్టర్లు, ఇంటింటి జనాభా లెక్కల కాగితాలు. బ్రిటన్‌లో 1921 నాటి జనగణన కాగితాలు 2022లో అందరికీ తెరిచారు కాబట్టి అక్కడివారు తాతగారి ఇంటి గడపదాకా వెళ్ళిపోగలరు. మన జనగణనలో ఎంతమందో తెలుస్తుంది గాని ఎవరో తెలియదు. 1948 నాటి జనగణన చట్టం 15వ సెక్షను ప్రకారం ఆ వివరాలు ఎవరికీ చూపించరు. చర్చి రిజిస్టర్లేమో క్రైస్తవ కుటుంబాలకే ఉంటాయి.

మరి మనకేం మిగిలింది? భూమి. ఉత్తరాంధ్రలో అర ఎకరం ఉన్న కుటుంబానికైనా ఎక్కడో ఒక కాగితం ఉంటుంది. ఆ కాగితంలో తండ్రి పేరు, ఊరు, వయసు, పక్క పొలం వాళ్ళు ఉంటారు. అందుకే ఈ సమీక్షలో అగ్రస్థానం ఏ సైటుకూ కాదు, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి. తీగ లాగితే డొంక కదిలేది అక్కడే.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు: అడగడం తెలిస్తే ఇంతకు మించింది లేదు

దస్తావేజుల నమోదు 1860లలోనే మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది 1908 నాటి చట్టం. దాని ప్రకారం ఆఫీసులో ఉండే పుస్తకాల్లో మనకు పనికొచ్చేవి మూడు. ఒకటో పుస్తకంలో స్థిరాస్తి దస్తావేజులు ఉంటాయి: క్రయం, తనఖా, దానం, భాగపంపకం. మూడో పుస్తకంలో వీలునామాలు, దత్తత చేసుకోవడానికి ఇచ్చిన అధికార పత్రాలు. నాలుగో పుస్తకంలో స్థిరాస్తితో సంబంధం లేని మిగతా దస్తావేజులు. ఒకటో పుస్తకానికి రెండు సూచీలు ఉంటాయి. ఇండెక్స్ 1 మనుషుల పేర్ల వారీగా, ఇండెక్స్ 2 ఆస్తి వారీగా.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, తీస్తారు, ఏమీ కనబడదు, 'మావాళ్ళ కాగితాలు లేవట' అని వదిలేస్తారు. ఆన్‌లైన్ ఈసీ 1983 తర్వాతి లావాదేవీలకే వస్తుంది. పైగా అది మనిషిని వెతకదు, ఆస్తిని వెతుకుతుంది. సర్వే నంబరో, ఇంటి నంబరో, దస్తావేజు నంబరో ఇవ్వాలి. ముత్తాత పేరు తప్ప ఇంకేమీ తెలియనివారికి దానివల్ల ఉపయోగం లేదు. వాళ్ళకు కావలసింది పాత సంపుటాల్లో ఇండెక్స్ 1 శోధన.

దరఖాస్తులో 'ఇండెక్స్ 1లో పేరు వారీ శోధన' అని స్పష్టంగా రాయండి. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, తండ్రి పేరు, గ్రామం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకో ఇవ్వండి. 50 ఏళ్ళకు ఒకేసారి అడిగితే ఫీజూ పెరుగుతుంది, వెతికేవారికి ఓపికా ఉండదు. పదేళ్ళ చొప్పున అడగడం మేలు. ఆ పదేళ్ళు ఎంచుకోవడానికి ఒక లెక్క ఉంది: ఇంటి పెద్ద పోయిన తర్వాత అయిదారేళ్ళలో అన్నదమ్ములు పంచుకుంటారు. కాబట్టి తాత తండ్రి ఎప్పుడు పోయారో సుమారుగా తెలిస్తే అక్కణ్ణుంచి ముందుకు వెతికించాలి. ఇంటిపేరు మొదటి అక్షరం కింద ఒకసారి, మనిషి పేరు మొదటి అక్షరం కింద ఒకసారి చూడమని అడగండి. 'అప్పలస్వామి' ఇంగ్లీషులో రాసిన సూచీలో ఎన్ని రకాలుగా ఉండవచ్చో ముందే ఒక చీటీ మీద రాసుకెళ్ళండి.

'మీకు వాళ్ళేమవుతారు' అని కౌంటర్ దగ్గర అడగవచ్చు. చట్టం 57వ సెక్షను ప్రకారం ఒకటో పుస్తకాన్ని, దాని సూచీలను ఫీజు కట్టిన ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. చుట్టరికం రుజువు చేయనక్కర్లేదు. వీలునామా సంగతి వేరు. రాసినవారు బతికి ఉండగా వారికి, వారి ఏజెంటుకు తప్ప నకలు ఇవ్వరు. వారు పోయాక ఎవరడిగినా ఇవ్వాలి, మరణ ధ్రువపత్రం జతచేస్తే చాలు. నాలుగో పుస్తకం నకళ్ళు దస్తావేజు రాసినవారికి, దాని కింద హక్కున్నవారికి, వారి ప్రతినిధులకే. మూడు, నాలుగు పుస్తకాల్లో వెతకడం రిజిస్టరింగ్ అధికారే చేయాలి, మన చేతికివ్వరు. ఈ నాలుగు ముక్కలు తెలిసి మర్యాదగా అడిగేవారికి పని త్వరగా అవుతుంది.

ఇంకో చిక్కు ఆఫీసు పరిధి. ఇవాళ మీ ఊరు ఏ సబ్ రిజిస్ట్రార్ కింద ఉందో, 1930లోనూ అదే ఆఫీసు కింద ఉందనుకోవద్దు. కొత్త ఆఫీసు పెట్టినప్పుడు పాత సంపుటాలు చాలావరకు పాత ఆఫీసులోనే ఉండిపోతాయి. దరఖాస్తు పెట్టేముందు 'ఈ గ్రామం మీ పరిధిలోకి ఏ ఏడాది వచ్చింది' అని అడిగితే ఒక తిరుగుడు తప్పుతుంది.

అన్ని దస్తావేజుల్లోకీ వంశవృక్షానికి విలువైనది భాగపంపకాల దస్తావేజు. ఒక పాత భాగపత్రం నకలు ముందు పెట్టుకుని ఈ వరుసలో చదవండి. మొదటి పేజీలో భాగస్తులు నంబర్ల వారీగా ఉంటారు: పేరు, తండ్రి పేరు, వయసు, వృత్తి, కాపురం ఉండే ఊరు. మైనర్లు ఉంటే గార్డియను ఎవరో రాస్తారు. తల్లి గార్డియనుగా ఉందంటే తండ్రి అప్పటికే పోయాడని అర్థం చేసుకోవచ్చు. తర్వాత ఆస్తి ఎలా వచ్చిందో చెప్పే భాగం. 'మన తండ్రిగారు సుమారు ఆరు సంవత్సరముల క్రిందట కాలధర్మము చెందినందున' లాంటి వాక్యం ఇక్కడే ఉంటుంది. దస్తావేజు తేదీలోంచి ఆరు తీసేస్తే చావు ఏడాది సుమారుగా వచ్చేసినట్టే. ఆ తర్వాత షెడ్యూళ్ళు. వీటిని అందరూ వదిలేస్తారు, వదలకూడదు. ప్రతి భూమికీ చెక్కుబందీ ఉంటుంది: తూర్పున ఫలానావారి పల్లపు భూమి, దక్షిణాన ఫలానావారి మెట్ట. అదే ఇంటిపేరు హద్దుల్లో కనబడితే వాళ్ళు దాయాదులై ఉండే అవకాశం ఎక్కువ, అంటే ఒక తరం వెనక ఆ పొలం కలిసే ఉండేది. ఆ పేరుతో మళ్ళీ ఇండెక్స్ 1 వెతికిస్తే పై తరం భాగపత్రం దొరకొచ్చు. చివర సాక్షుల సంతకాలు. వేరే ఊరివాడు, వేరే ఇంటిపేరువాడు సాక్షిగా ఉంటే బావమరిదో, మామో అయి ఉంటాడు. ఆడవారి పుట్టింటి జాడ దొరికే చోట్లలో ఇదొకటి.

ఆడవారి మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. భాగపత్రంలో కూతుళ్ళ పేర్లు లేవంటే ఆ ఇంట్లో కూతుళ్ళు లేరని కాదు. మన రాష్ట్రంలో కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ అప్పటికి పెళ్ళికానివారికి. అంతకు ముందరి పత్రాల్లో ఆడపిల్ల కనిపిస్తే పెళ్ళి ఖర్చుల లెక్కలోనో, మనోవర్తి లెక్కలోనో కనిపిస్తుంది. వాళ్ళను పట్టుకోవాలంటే పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూముల దాన దస్తావేజులు చూడాలి. అందులో కూతురి పేరు, అల్లుడి పేరు, అత్తవారి ఊరు మూడూ ఒకేచోట ఉంటాయి.

మీభూమి, తహశీల్దారు ఆఫీసు

2015లో వచ్చిన మీభూమి సైటు ఇవాళ్టి రైతుకు మంచి సేవ. అడంగల్ (సర్వే నంబర్ల వారీ సాగు లెక్క), 1-బి (రైతుల వారీ భూమి లెక్క), పొలం పటం ఇంటి దగ్గర కూర్చుని చూసుకోవచ్చు. వంశచరిత్రకు మాత్రం అది ఆరంభం ఒక్కటే ఇస్తుంది: సర్వే నంబరు. ఇప్పుడు ఆ పొలం ఎవరి పేర ఉందో చూసి, నంబరు రాసుకుని, ఆ నంబరుతో తహశీల్దారు ఆఫీసుకు వెళ్ళాలి. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం నంబరు, అంటే కొత్త భూకమతం పటం నంబరు, కనిపిస్తుంది. పాత రికార్డు అడగాలంటే పాత నంబరే కావాలి. ఇంట్లో పాత పాసుపుస్తకమో, శిస్తు రసీదో ఉంటే వెతికి పెట్టుకోండి.

ఆఫీసులో ఏది అడగాలన్నది మీ ఊరి చరిత్రను బట్టి ఉంటుంది. పాత విశాఖ జిల్లాలో చాలాభాగం 1802 శాశ్వత శిస్తు కింద విజయనగరం, బొబ్బిలి వంటి జమీందారీలది. సర్కారు నేరుగా శిస్తు వసూలు చేసింది గొలుగొండ, సర్వసిద్ధి, పాలకొండ తాలూకాల్లో. అంటే నర్సీపట్నం, యలమంచిలి వైపు సర్కారు గ్రామాల్లో రీసెటిల్‌మెంటు రిజిస్టరు, అంటే ఆర్‌ఎస్‌ఆర్, అడగాలి. జమీందారీ గ్రామాలకు 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ అడగాలి, దాన్నే ఎస్‌ఎఫ్‌ఏ అంటారు. జమీందారీ గ్రామానికి 1910 ఆర్‌ఎస్‌ఆర్ కావాలని ఎంత తిరిగినా ఉండదు. అప్పటి రైతు పేరు దివాణం లెక్కల్లో ఉండేది గాని సర్కారు పుస్తకంలో కాదు.

నోటిమాటగా అడిగితే 'పాతవి లేవండి' అనే జవాబు రావడం మామూలే. సమాచార హక్కు దరఖాస్తు పెడితే రాతపూర్వక జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. గ్రామం, సర్వే నంబరు, రిజిస్టరు పేరు మూడూ రాయండి. 'మా తాతగారి భూముల వివరాలన్నీ' అని రాస్తే తిప్పి పంపుతారు. రిజిస్టరైన దస్తావేజు నకళ్ళకు మాత్రం ఈ దారి వద్దు. వాటికి రిజిస్ట్రేషన్ చట్టంలోనే దారి ఉంది.

రెవెన్యూ కాగితాల్లో ఏడాది ఫసలీలో ఉంటుంది. దానికి 590 కలిపితే మన ఏడాది. ఫసలీ 1360 అంటే 1950 జూలై నుంచి 1951 జూన్ వరకు. కరణాల చేతిరాతలో 6, 9 అంకెలు పొరబడే అవకాశం ఉంది. పక్క పేజీల్లో ఫసలీతో సరిచూసుకోండి.

గాజువాక చుట్టుపక్కల పాత ఊళ్ళవారికి మరో నిధి ఉంది. ఉక్కు కర్మాగారం కోసం భూములు తీసుకున్నప్పుడు భూసేకరణ అవార్డులు రాశారు. ఒక్కో సర్వే నంబరుకు హక్కుదారు ఎవరు, ఆయన పోయి ఉంటే వారసులెవరు, ఎవరికెంత వాటా అన్నది అందులో ఉంటుంది. ఊరే లేకుండా పోయినవారికి ఆ అవార్డు కాపీ, ఇంట్లో ఉన్న ఆర్-కార్డు, అంటే నిర్వాసితులకిచ్చిన పునరావాస కార్డు, కలిపి చూస్తే రెండు తరాలు నిలబడతాయి. ఓడరేవు, నౌకాదళం కోసం భూములిచ్చినవారికీ ఇదే పద్ధతి.

జనన మరణాల రిజిస్టర్లు

ఇప్పటి చట్టం 1969ది, 1970 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు మద్రాసు రాష్ట్రపు 1899 చట్టం ఉండేది. కాబట్టి పాత పురపాలక సంఘం రిజిస్టర్లలో మీవాళ్ళు ఉండే వీలుంది. అయితే 'పేరుతో వెతికితే రాలేదు' అని నిరాశపడేవారే ఎక్కువ. పుట్టినప్పుడు రాసిన వరుసలో బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండటం మామూలు. 'మగ' అనో 'ఆడ' అనో ఉంటుంది. తండ్రి పేరు, తల్లి పేరు, చిరునామా, తేదీ. వెతకాల్సింది తండ్రి పేరుతో, అదీ తేదీకి అటూ ఇటూ ఒక నెల వేసుకుని.

రెండోది ఇంకా ముఖ్యం. ఘటన ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. 1923లో కింగ్ జార్జ్ ఆసుపత్రి వచ్చాక శృంగవరపుకోటవారైనా, చోడవరంవారైనా కేజీహెచ్‌లో పోతే వారి మరణం విశాఖ రిజిస్టరులో ఉంటుంది, సొంత పంచాయతీలో ఉండదు. ఘోషా ఆసుపత్రిలో పుట్టినవారికీ అంతే. ఊళ్ళో లేదంటే నగరంలో అడగండి.

మరణ నకలులో చావుకు కారణం ఇవ్వరు, అది చట్టంలోనే ఉంది. స్కూలు రిజిస్టరులోని పుట్టిన తేదీని నమ్మాలంటే జాగ్రత్త. జూలై 1 అని ఉంటే అది బడిలో చేర్చిన రోజుల్లో వేసిన అంచనా తేదీ కావచ్చు.

ఓడల జాబితాలు: వెళ్ళిపోయినవారి కోసం

విశాఖ, శ్రీకాకుళం కుటుంబాల్లో 'ఆయన సముద్రం దాటాడు, మళ్ళీ రాలేదు' అన్న మాట లేని ఇల్లు తక్కువ. ఎటు వెళ్ళాడన్నదాన్ని బట్టి దొరికే అవకాశం ఉంటుంది.

నేటాల్‌కు, అంటే ఇప్పటి దక్షిణాఫ్రికాకు, 1860 నుంచి 1911 దాకా కూలి ఒప్పందం మీద సుమారు 1,52,000 మంది వెళ్ళారు. ఆ ఓడల జాబితాలు డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయపు గాంధీ-లుతులి కేంద్రం ద్వారా ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. ఈ సమీక్షలో రెండో స్థానం వీటికే ఇవ్వాలి. ఒక్కో మనిషికి ఒక్కో నంబరు, దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. ఒంటి మీది మచ్చలు కూడా. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60,000 మందికి పైగా వెళ్ళారు. అందులో మద్రాసు నుంచి ఓడలు బయలుదేరింది 1903 నుంచి. కాబట్టి తెలుగువారిని 1903 తర్వాతి వలస పాసుల్లోనే వెతకాలి. మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

ఈ జాబితాల్లో వెతికేటప్పుడు ఇంటిపేరు పక్కన పెట్టేయండి, అది రాయనేలేదు. ఊరి పేరు కూడా గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఉంటుంది. జిల్లా గడిలో వైజాగపటం, తాలూకా గడిలో బిమ్లీపటం, చికాకోల్ లాంటి పాత పేర్లు పెట్టి వడపోయండి. చికాకోల్ అంటే శ్రీకాకుళమే, కాని 1936 వరకు అది గంజాం జిల్లా. శ్రీకాకుళంవారిని విశాఖ జిల్లా కింద వెతికితే అందుకే దొరకరు. తర్వాత మనిషి పేర్లు చూడండి. అప్పల, పైడి, సింహాద్రి, సన్యాసి, నూకాలు అన్న ముక్కలు ఇంగ్లీషు అక్షరాల్లో ఎంత వంకరపోయినా గుర్తుపట్టవచ్చు. సింహాచలం అప్పన్న, నూకాలమ్మ, పైడితల్లి పేర్లు పెట్టుకునేది మన వైపువారే. వేల మైళ్ళ అవతల ఒక గుమాస్తా తప్పుల తడకగా రాసిన పేరులోంచి మన ఊరి దేవత కనబడుతుంది. ఆ వరుస దగ్గర కాసేపు ఆగిపోనివారు ఉండరు.

రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్ళినవారికి మాత్రం ఇలాంటి జాబితా ఆశించవద్దు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. పాసుపోర్టు అక్కర్లేదు, మేస్త్రీ వెంట స్టీమరు ఎక్కడమే. వారి జాడ ఇక్కడి కాగితాల్లోనే ఉంటుంది: రంగూన్ నుంచి పంపిన డబ్బుతో కొన్న భూమి క్రయ దస్తావేజులో కొనుగోలుదారు 'ప్రస్తుతం రంగూన్ కాపురం' అని ఉండవచ్చు.

ఫ్యామిలీసెర్చ్, ఫిబిస్

ఫ్యామిలీసెర్చ్ పూర్తిగా ఉచితం. లేటర్ డే సెయింట్స్ చర్చి నడుపుతుంది, ఖాతా తెరిస్తే చాలు. మనవారికి ఆశ కలిగించేది అందులోని హిందూ తీర్థయాత్రల రికార్డులు. తీర్థక్షేత్రాల పండాలు యాత్రికుల వంశావళి రాసుకునే పుస్తకాలను, అంటే బహీలను, బొమ్మలు తీసి పెట్టారు. కాని అందులో ప్రధానంగా ఉన్నవి హరిద్వార్, కురుక్షేత్రం వంటి ఉత్తరాది క్షేత్రాలవి. పేరు కొట్టి వెతికే పని కాదు, పుటపుటా తిప్పాలి. ఉత్తరాంధ్రవారు పిండప్రదానానికి ఎక్కువగా వెళ్ళింది కాశీ, గయ, పూరీ. కాబట్టి ఈ సైటులో గంటలు గడపడం కన్నా, గయ వెళ్ళేవారెవరైనా ఉంటే ఊరి పేరు, ఇంటిపేరు, గోత్రం, ముగ్గురు పూర్వీకుల పేర్లు రాసిచ్చి పంపండి. పండా ముందు అడిగేది ఊరే.

క్రైస్తవ కుటుంబాలకు సంగతి వేరు. ఇండియా జననాలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల సూచీలు అందులో ఉన్నాయి. కొన్ని బొమ్మల పక్కన తాళంచెవితో కెమెరా గుర్తు కనబడుతుంది. అవి ఇంట్లో తెరుచుకోవు, వారి కేంద్రాల్లోనో, అనుబంధ గ్రంథాలయాల్లోనో చూడాలి.

అందులోని కుటుంబ వృక్షంలో ఒక చిక్కు ఉంది. అది ప్రపంచానికంతటికీ ఒకే చెట్టు. పోయినవారి వివరాలను ఎవరైనా మార్చవచ్చు. మీరు శ్రద్ధగా పెట్టిన ముత్తాతను, అదే పేరున్న ఇంకొకరి ముత్తాతతో ఎవరో కలిపేయవచ్చు. మనలో తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఉంది కాబట్టి ఈ పొరబాటు మరీ ఎక్కువ. మీ అసలు చెట్టు మీ కంప్యూటర్లో ఉంచుకుని, అక్కడ నకలు మాత్రం పెట్టండి.

ఫిబిస్ 1998లో మొదలైన సంఘం, బ్రిటిష్ ఇండియాలోని కుటుంబాల కోసం. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకు, వాల్తేరు రైల్వే కాలనీల్లో పెరిగినవారికి, పాత క్రైస్తవ కుటుంబాలకు చాలా మంచిది. సూచీ ఉచితంగా వెతకవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిటర్నుల అసలు ప్రతులు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి, బొమ్మలు ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర సైటులో డబ్బు కట్టి చూడాలి. 2023 అక్టోబరు సైబర్ దాడి తర్వాత ఆ లైబ్రరీ కేటలాగు చాలాకాలం అందలేదు. పాత లింకులు పనిచేయకపోతే వరుస సంఖ్యతో వెతకండి. లండన్ మిషన్ 1805లోనే విశాఖ వచ్చింది, వారి కాగితాలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి.

నగరం దాటక్కర్లేకుండా దొరికేవి రెండు పుస్తకాలు: కార్మైకేల్ 1869 జిల్లా మాన్యువల్, ఫ్రాన్సిస్ 1907 గెజెటీరు. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం. వీటిలో మీ తాత ఉండడు. మీ ఊరు ఏ తాలూకాలో, ఎవరి జమీలో ఉందో ఉంటుంది. పైన చెప్పిన శోధనలన్నీ సరైన ఆఫీసు నుంచి మొదలుకావాలంటే ఆ ముక్కే ముందు కావాలి.

చెట్టు గీసుకోవడానికి: గ్రాంప్స్

డబ్బు కట్టించుకునే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నా తెలుగు కుటుంబానికి గ్రాంప్స్ సరిపోతుంది. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది, వివరాలు మన కంప్యూటర్లోనే ఉంటాయి. తెలుగులో నేరుగా టైపు చేయవచ్చు. పటం పీడీఎఫ్‌గా తీసినప్పుడు అక్షరాల బదులు డబ్బాలు వస్తే స్టైల్ మార్చే చోట నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు ఎంచుకోండి. ప్రిఫరెన్సెస్‌లో పేరు చూపే పద్ధతి మార్చి ఇంటిపేరు ముందు వచ్చేలా పెట్టుకోవచ్చు.

దత్తత విషయంలో ఇది బాగా నిలబడింది. ఒకే మనిషిని కన్నవారి కుటుంబంలోనూ, పెంచినవారి కుటుంబంలోనూ చేర్చి, రెండోచోట సంబంధం 'దత్తత' అని పెట్టవచ్చు. గోత్రం, ఇంటిపేరు మారిన చోట రెండో పేరుగా రాయాలి, మొదటిది తుడిచేయకూడదు. మేనరికాలకూ ఇబ్బంది లేదు. అక్క కూతుర్ని చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి పటంలో రెండుచోట్ల కనబడితే తప్పు కాదు, తొలగించొద్దు. ఆడవారికి పుట్టింటి ఇంటిపేరే అసలు పేరుగా పెట్టండి. అత్తింటి పేరు పెడితే రెండు తరాల తర్వాత వాళ్ళ పుట్టిల్లు ఎవరికీ గుర్తుండదు.

లోటు ఒకటే, తిథులు తెలియవు. యూదుల పంచాంగం, ఇస్లామీ పంచాంగం ఉన్నాయి గాని మనది లేదు. తిథిని వివరణ గడిలో మాటల్లో రాసి, తేదీ గడిలో లెక్క కట్టిన ఇంగ్లీషు తేదీ పెట్టాలి. లెక్క ఇలా: విశ్వావసు 2025-26. అరవై తీస్తే 1965-66, ఇంకో అరవై తీస్తే 1905-06. ఏ ఆవృత్తో తేల్చేది ఆయన పిల్లల వయసులు. జాతకంలో 'విశ్వావసు నామ సంవత్సర మాఘ బహుళ పంచమి' అని ఉండి, ఆవృత్తి 1905 అని తేలితే, పుట్టింది 1905లో కాదు, 1906 ఫిబ్రవరిలో. ఉగాదితో మొదలైన ఏడు జనవరి దాటాక కూడా నడుస్తుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం దగ్గర ఈ తప్పు చాలామంది చేస్తారు. పెద్దవారిని 'తాతయ్య ఎప్పుడు పోయారు' అని అడిగితే ఏడాది చెప్పలేరు. 'తాతయ్య తద్దినం ఏ తిథి పిన్నీ' అని అడగండి, తడుముకోకుండా మాసం, పక్షం, తిథి చెప్పేస్తారు. ఆ తిథికి భాగపత్రంలో దొరికిన సుమారు ఏడాది జోడిస్తే, దానికి అటూ ఇటూ ఏళ్ళ పాత పంచాంగాలు తిరగేసి తేదీని రెండుమూడింటికి కుదించుకోవచ్చు. మరణ రిజిస్టరులో వెతకడానికి ఆ రెండుమూడు తేదీలు చాలు.

చెట్టును ఇంకొకరికి పంపాలంటే గెడ్‌కామ్ ఫైలుగా తీస్తారు, వంశవృక్ష సాఫ్ట్‌వేర్లన్నీ చదవగలిగే రూపం అది. అందులో ఫొటోలు వెళ్ళవు. ఫొటోలతో సహా దాచుకోవడానికి గ్రాంప్స్ సొంత జీపీకేజీ రూపంలో ఎగుమతి చేసి, పెన్‌డ్రైవులో ఒకటి, చుట్టాలింట్లో ఒకటి ఉంచండి.

కాగితాల సంగతి. జగదాంబ దగ్గరైనా, ద్వారకానగర్‌లోనైనా జిరాక్సు షాపులో పాత స్టాంపు కాగితం ఇస్తే 'లామినేషన్ చేసేద్దామా' అంటారు. చేయించకండి. తర్వాత ఆ ప్లాస్టిక్ తీయడం కాగితం చిరగకుండా సాధ్యం కాదు. మడతల దగ్గర సెల్లోటేపు అంటించినా కొన్నేళ్ళకు పసుపు మరక మిగిలి అక్షరం పోతుంది. దస్తావేజులు 300 డీపీఐలో, చిన్న ఫొటోలు 600లో స్కాన్ చేయించండి, రెండు వైపులా, వెనక ఖాళీగా ఉన్నా సరే. రిజిస్ట్రారు ముద్ర, దస్తావేజు నంబరు, ఏడాది వెనక వైపే ఉండవచ్చు, మళ్ళీ నకలు తీయాలంటే అవే కావాలి. పెళ్ళి ఫొటోల వెనక బాల్‌పెన్నుతో రాయొద్దు, ముందువైపు గీతలు తేలతాయి. మెత్తటి పెన్సిల్‌తో, ఎడమ నుంచి కుడికి, ఇంటిపేరుతో సహా, పిల్లల్ని కూడా వదలకుండా రాయండి.